ధనుర్మాసంలో బరువెక్కిన చక్రం

దవడ లాగుతుంటే పిప్పిపన్ను అనుకుని లవంగం నొక్కిపెట్టుకున్నాను. వీపు మధ్యలో బరువుగా ఉంటే, పొద్దుటి నుంచీ వంగి కూరలు కలుపుతున్నాను కదా, పట్టేసిందనుకున్నాను. ఒళ్ళంతా చెమటలు పోశాయి. మే నెలలో రెండు గ్యాస్ పొయ్యిల మధ్య నిలబడ్డ మనిషికి చెమట పడితే వింతేముంది? గుండెపోటంటే ఛాతీ పట్టుకుని పడిపోవడమేనని నేనూ అనుకునేదాన్ని. ఆడవాళ్ళకు అది ఇలా దొంగదారిన కూడా వస్తుందని చదివింది తరవాతే. అందుకే ముందుగా ఇదే రాస్తున్నాను. ఇది చదివిన అక్కచెల్లెళ్ళు మిగతాదంతా మరిచిపోయినా ఫరవాలేదు. దవడ, వీపు, చెమట ఒకేసారి వస్తే మాత్రం వాము నములుతూ కూర్చోకండి.

మాది కొత్తపేట దగ్గర, పలివెల వెళ్ళే దారిలో చిన్న ఊరు. కొత్తపేటలో నేనూ మా ఆయనా కర్రీ పాయింట్ నడుపుతాం. కూరలు నావి, బేరం ఆయనది. నా బడిచదువు ఏడో తరగతితో ఆగింది. మిగతా చదువంతా గ్రంథాలయంలోనే. కువైట్‌లో కొన్నేళ్ళు ఇంటిపని చేసి తిరిగొచ్చినప్పటి నుంచి, మధ్యాహ్నం కూరలు అయిపోయాక, సాయంత్రం పొయ్యి వెలిగించేలోపు దొరికే ఖాళీ అంతా శాఖా గ్రంథాలయంలోనే గడిపేదాన్ని. కథలూ చదివాను గానీ నాకిష్టమైనది సైన్సు బీరువా. నీళ్ళు ఎందుకు మరుగుతాయి, ఇనుము ఎందుకు తుప్పు పడుతుంది, గుండె లోపలి తలుపులు ఎటు తెరుచుకుంటాయి, ఇవన్నీ ఎవరూ పాఠం చెప్పకుండానే తెలుసుకున్నాను. ఈ మాట కొంచెం గొప్పగానే చెప్పుకుంటాను.

ఇదంతా రెండు వేసవుల క్రితం మొదలైంది. లవంగం పెట్టుకున్న రోజు సాయంత్రానికి నేను రాజమండ్రిలో ఒక ఆసుపత్రి నడవాలో స్ట్రెచర్ మీద ఉన్నాను. లోపల రక్తనాళంలో స్టెంట్ వేశారట. ఆ సంగతులు డాక్టర్లకే ఎక్కువ తెలుసు. నాకు గుర్తున్నది ఆ నడవా, దాని చలి. మా ఆయన కౌంటరు దగ్గర సంతకాలు పెడుతున్నారు. మా అత్తగారు గోడకు చేరగిలబడి, కొంగు నోట్లో కుక్కుకుని నన్నే చూస్తున్నారు. ఏసీ గాలికి నా పాదాలు కొయ్యబారిపోయాయి. అడగడానికి నోరు రావడంలేదు. పక్క బెంచీ మీద నుంచి ఎవరో పెద్దావిడ లేచి వచ్చి, తన భుజం మీది తువ్వాలు తీసి నా పాదాలకు చుట్టారు.

"మాది మురమళ్ళమ్మా. మా అబ్బాయిని లోపలికి తీసుకెళ్ళేరు. నీ కాళ్ళు ఐసుముక్కల్లా ఉన్నాయి, ఉంచుకో."

"మరి మీకోనండీ?"

"నాకు కంగారుకే చెమట్లు పోస్తన్నాయి. చలెక్కడిదీ?"

అంతలో నన్ను లోపలికి తోశారు. బయటికొచ్చేసరికి ఆవిడ లేరు. పేరు అడగలేదు. అబ్బాయి ఎలా ఉన్నాడో తెలీదు. నీలం గీతల తువ్వాలు మాత్రం నాతో మా ఇంటికి వచ్చేసింది.

జూన్ నెలంతా ఇంట్లో నన్ను గాజుసామానులా చూశారు. బిందె ఎత్తబోతే మా ఆయన పరుగున వచ్చేవారు. ఆయనే వండి, ఆయనే అమ్మి, అలిసిపోయి వచ్చి నా మీద విసుక్కోలేక గోడ మీది గడియారం మీద విసుక్కునేవారు. "మేడం గారు ఎప్పుడొస్తారండీ? మీ సాంబారు తాగితే మీమీదే జాలేస్తందండి" అని ఖాతాదారులు మొహం మీదే అనేవారట. ఆయన నవ్వుతూనే చెప్పేవారు గానీ, దుకాణం పలచబడుతోందని ఇంటికి తిరిగొస్తున్న గిన్నెల బరువే చెప్పేది.

మళ్ళీ చూపించుకోడానికి వెళ్ళినప్పుడు డాక్టరు గారిని అడిగాను, పొయ్యి దగ్గర ఎప్పుడు నిలబడొచ్చని.

"చలికాలం వెళ్ళాక చూద్దామమ్మా. ముందు రెండు పూటలా నడవండి, లేదా సైకిలు తొక్కండి. ఒకటే గుర్తు. తొక్కుతూ మాట్లాడగలగాలి. మాట తెగిపోతోందంటే ఆపి కూర్చోండి. రోజులు గడిచేకొద్దీ అదే పనికి ఆయాసం పెరుగుతోందంటే మాత్రం ఆలస్యం చెయ్యకుండా నా దగ్గరికి రండి."

జూలైలో వానలు పట్టాయి. కాలవగట్టు మీద నడక అంటే జారిపడడమే. అప్పుడు నాకు కువైట్ ఇంట్లోని సైకిలు గుర్తొచ్చింది. ఎక్కడికీ వెళ్ళని సైకిలు. ముందువైపు బరువైన ఇనప చక్రం, కింద స్టాండు, బిగువు పెంచడానికీ తగ్గించడానికీ ఒక నాబ్. ఆ ఇంటి యజమానురాలు తొక్కి దిగగానే నేను తుడవాలి. "చెమట ఇనుమును తింటుంది" అని సైగలతో చెప్పేది. అన్నేళ్ళూ తుడిచానే గానీ ఒక్కసారీ ఎక్కలేదు.

అమలాపురంలో మూసేస్తున్న జిమ్ములో అలాంటిది అమ్మకానికి ఉందని గ్రంథాలయంలో ఎవరో అనగా విని, మా ఆయనను వెంటబెట్టుకుని వెళ్ళాను.

"రన్నింగ్ కండిషనండీ" అన్నాడు అమ్మేవాడు.

"ఎక్కడికీ వెళ్ళనిదానికి రన్నింగేంటండి బాబూ?" అన్నారు మా ఆయన.

నేను వంగి, నాబ్ పూర్తిగా వదులు చేసి, చక్రాన్ని చేత్తో తిప్పాను. సాఫీగా, చప్పుడు లేకుండా తిరిగింది. చక్రాన్ని నొక్కిపట్టే తోలు ప్యాడ్ ఇంకా దళసరిగానే ఉంది. తీసుకుందామన్నాను. ట్రాలీ ఆటోలో కొబ్బరికాయల బస్తాల పక్కన అది మా ఊరికి వచ్చింది. ఎదురింటి సూర్యకాంతం గారు వీధిలోంచే మొదలెట్టారు: "సుభద్రా, సైకిలు కొన్నావంటగా! వెనక చక్రం ఎక్కడ పడిపోయిందే? దార్లో చూసుకోలేదా?"

"ఒక చక్రానికే డబ్బులున్నాయండి, రెండోది మీరు పెట్టండి" అన్నాను. గుండెపోటు తరవాత నేను ఎవరితోనైనా పరాచికమాడటం అదే మొదలు.

రెండో వారానికే ఎడమ పెడలు వదులైంది. మా ఆయన స్పానర్ పెట్టి ఎంత బిగిస్తే అంత ఊడుతోంది. చెమటలు కక్కుతూ "పాతసరుకు అంటగట్టేడు వెధవ" అని తిట్టుకుంటున్నారు. నేను గ్రంథాలయం నుంచి తెచ్చుకున్న సైకిలు రిపేరు పుస్తకం తెరిచి చూపించాను. కుడి పెడలు అందరికీ తెలిసినట్టే బిగుస్తుంది, ఎడమది దానికి ఎదురువైపు తిప్పితే బిగుస్తుంది. తొక్కేటప్పుడు దానంతటది ఊడిపోకుండా ఆ ఏర్పాటు.

"ఇది ముందే చెప్పొచ్చు కదే!"

"మీరు అడిగితే కదండీ" అని స్పానర్ అందుకుని నేనే బిగించాను. ఇప్పటికీ ఊడలేదు.

అలా ఆ సైకిలు బాగోగులు నావయ్యాయి. వరండాలో నేల ఎగుడుదిగుడుగా ఉంటే స్టాండు కింద టైరు ముక్క పెట్టాను. దిగిన ప్రతిసారీ హ్యాండిలూ సీటూ చక్రం చుట్టూ తుడిచేదాన్ని. మా వైపు గాలిలోనే తేమ. ఒక్క పూట వదిలేస్తే మర్నాటికి ఎర్రటి పొడి రాలుతుంది. తుడవడానికి మురమళ్ళ ఆవిడ తువ్వాలే వాడాను. ఎందుకో వేరే గుడ్డ వాడబుద్ధి కాలేదు.

మాట తెగకూడదన్న డాక్టరు గారి గుర్తును మా అత్తగారు తన బాధ్యతగా తీసుకున్నారు. నేను ఎక్కగానే పక్కన పీట వేసుకుని కూర్చుని, "ఇవాళ కూరలేంటమ్మాయ్?" అని అడిగేవారు. దుకాణంలో ఏమేం ఉన్నాయో నేను తొక్కుతూ చెప్పాలి. మొదటి రోజు "బెండకాయ వేపుడు..." దగ్గరే ఆగిపోయాను. శ్రావణంలో పప్పు దాకా వచ్చాను. దసరా నాటికి కూరలన్నీ చెప్పి పచ్చళ్ళ దాకా వెళ్ళగలిగాను. పచ్చడి మాట వినపడినరోజు ఆవిడ చప్పట్లు కొట్టారు.

ఆ దసరాకి ఆయుధపూజలో గరిటెలు, కత్తిపీట, తూకం, మా ఆయన మోపెడుతో పాటు సైకిలుకు కూడా పసుపు కుంకుమ పెట్టి బంతిపూల దండ వేశారు మా అత్తగారు. చక్రానికి దణ్ణం పెట్టుకుని, "మా పిల్లని నువ్వే నిలబెట్టేవు నాయనా" అన్నారు. నేను నవ్వాను. ఆవిడ నవ్వలేదు.

ధనుర్మాసం మొదలైంది. మంచు పడుతోంది. ఒక పొద్దున్న సైకిలెక్కితే కాళ్ళు ముందుకు పడలేదు. నాబ్ ఎప్పటి చోటే ఉంది. నాలుగు చుట్లకే ఊపిరి అందలేదు. నిద్ర చాలలేదేమో అనుకున్నాను. సాయంత్రం మామూలుగానే తొక్కాను. మర్నాడు పొద్దున్న మళ్ళీ అంతే. ఆ మర్నాడూ అంతే. రోజురోజుకూ పొద్దుటి ఆయాసం పెరుగుతోంది.

ఇక్కడ నా చదువే నన్ను భయపెట్టింది. గుండెకు పొద్దుటివేళ కష్టకాలమని చదివి ఉన్నాను. చలికి నాళాలు ముడుచుకుంటాయని చదివి ఉన్నాను. అన్నీ నాకు అతికినట్టు సరిపోయాయి. కొన్నాళ్ళు ఎవరికీ చెప్పలేదు. మా అత్తగారే పట్టేశారు. కూరల పేర్లు మళ్ళీ వెనక్కి వెనక్కి వెళ్ళి బెండకాయ దగ్గరికి చేరాయి. ఆ పొద్దున్న ఆవిడ పీట మీద నుంచి లేచి లోపలికెళ్ళి మా ఆయనను లేపారు.

ఆసుపత్రి హాల్లో ఆ రోజు కూర్చోవడం మే నెల కంటే కష్టమైంది. అప్పుడు ఏం జరుగుతోందో తెలీదు. ఇప్పుడు తెలుసు. పాదాల మీద తువ్వాలు కప్పుకుని, నా పేరు ఎప్పుడు పిలుస్తారా అని, పిలవకపోతే బాగుండునని కూర్చున్నాను. ఈసీజీ తీశారు. ఎకో తీశారు.

"రెండూ బాగానే ఉన్నాయమ్మా. కానీ మీరు చెబుతున్న ఆయాసం నాకు నచ్చడంలేదు. వారం చూడండి, తేలిగ్గానే ఉండండి. తగ్గకపోతే మళ్ళీ లోపలికి చూడాల్సిందే. అవసరమైతే ఆపరేషన్."

తిరుగు ప్రయాణంలో బస్సు రావులపాలెం దాటింది. మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ అన్నారు.

"మన దుకాణం చోటు బేకరీ ఆయన అడుగుతున్నాడు. నెలాఖరులోగా చెప్పాలంట."

"ఏం చెప్పేరు?"

"ఏవీ చెప్పలేదు. నువ్వుంటే చాలు సుభద్రా. కూరలెవరైనా వండుతారు."

ఆ మాటలో ప్రేమ ఉందని తెలుసు. అయినా నాకు దుఃఖం పొంగింది. నా చేతి కూర కోసం గిన్నెలు పట్టుకుని జనం వచ్చే ఆ చోట కేకులు పెట్టడం నేను ఊహించలేకపోయాను. నా పేరు మీద ఊళ్ళో ఉన్నది ఆ పొయ్యి ఒక్కటే.

ఇంటికొచ్చాక ఆలోచించాను. ఎకో బాగుందంటోంది. సైకిలు బాగాలేదంటోంది. ఇద్దరు సాక్షులు చెరో మాట చెబుతున్నారు. సైన్సు పుస్తకాలన్నిటిలోనూ ఉన్న ఒక పద్ధతి గుర్తొచ్చింది. రెండు వస్తువులు కలిసి పనిచేస్తున్నప్పుడు తప్పు దేనిదో తెలియాలంటే ఒకదాన్ని పక్కన పెట్టి రెండోదాన్ని చూడాలి. గుండెను పక్కన పెట్టలేను. సైకిలు నుంచి నేను దిగగలను కదా.

మర్నాడు పొద్దున్న ఎక్కలేదు. నాబ్ పూర్తిగా వదులు చేసి, జిమ్ములో కొన్నరోజున చేసినట్టే చక్రాన్ని చేత్తో గట్టిగా తిప్పి వదిలేశాను. నాలుగు చుట్లు మూలుగుతూ తిరిగి, ఎవరో పట్టుకున్నట్టు ఆగిపోయింది. మళ్ళీ తిప్పాను. మళ్ళీ ఆగింది. నా ఊపిరి మామూలుగానే ఉంది. మధ్యాహ్నం వరండాలోకి ఎండ వచ్చాక మళ్ళీ తిప్పి చూశాను. మా ఆయన దుకాణం నుంచి వచ్చి, మోపెడు దించి, కాళ్ళు కడుక్కుని మెట్లెక్కేదాకా అది తిరుగుతూనే ఉంది.

"ఏవండీ! స్క్రూడ్రైవరు తెండి!"

"ఏవైంది? ఆయాసవా?"

"నాక్కాదండి. దీనికి."

ఆయన అర్థం కానట్టు చూశారు. అది ఆగేది చలిలోనే కాబట్టి, మర్నాడు తెల్లవారుతూనే చైను కవరు విప్పాం. చైను నిండా తెల్లటి మైనం. ఇరుసు దగ్గర మైనం. తోలు ప్యాడ్ నానిపోయి, దుమ్ముతో కలిసి బంకలా చక్రానికి అంటుకుపోయి ఉంది.

"ఇదేం గ్రీజే?" అన్నారు మా ఆయన.

వేలితో తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా ఇంట్లో ఆ వాసన లేని మూల లేదు. అందుకే ఇన్నాళ్ళూ తెలియలేదు. సరిగ్గా అప్పుడే మా అత్తగారు తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా పట్టుకుని, ఎండ తగిలే గోడ మీద పెట్టడానికి బయటికొచ్చారు. సీసాలో నూనె తెల్లగా గడ్డకట్టి ఉంది. నేను సీసా వంక, చైను వంక చూశాను.

"అత్తయ్యా, సైకిలుకి మీరేవన్నా రాసేరా?"

"ఆయ్. దసరా నుంచీ శుక్రవారం శుక్రవారం పోస్తన్నాను గదా. ఆ కవరుకి కన్నం ఉందే, అందులో ఒక గరిటె, చక్రానికి ఓ చుట్టు. మన కాయల నూనే. బయటి నూనె పొయ్యబుద్ధెయ్యలేదమ్మా, నిన్ను మోసే సైకిలు గదా." ఆవిడ చూపు చైను మీద పడింది. "అయితే... నీ ఊపిరికి అడ్డం పడింది నేనా?"

మా ఆయన నోరు తెరవబోతే చేత్తో ఆపాను.

"మీరు అడ్డం పడింది చక్రానికత్తయ్యా. నా ఊపిరికి కాదు. నా గుండె బాగుందని ఇప్పుడే తేలింది. తేల్చింది మీ నూనే."

అన్నానే గానీ, అలా అంటూంటే నాకే ఏడుపొచ్చింది. ఏడు నెలల భయం అది. ఆవిడ పీట మీద కూలబడి ఏడ్చారు. మా ఆయన చేతికి అంటిన నూనె లుంగీకి తుడుచుకుంటూ లోపలికెళ్ళి ఫోను అందుకున్నారు. ఆయన గొంతు వరండాలోకి వినపడింది. "లేదండి... లేదండి. దుకాణం చోటు ఇంకెవరికీ ఇవ్వట్లేదండి. మా ఆవిడ వస్తుందండి."

ఆ రోజంతా సైకిలుకు అభ్యంగనం చేయించాం. చైను డీజిల్లో నానబెట్టి పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాను. చక్రాన్ని గిన్నెలు కడిగే సబ్బుతో, వేడినీళ్ళతో కడిగి ఎండబెట్టాను. చెప్పులు కుట్టే ఆయన చేత కొత్త తోలుముక్క కోయించి ప్యాడ్ మార్చాను. ఆరాక కుట్టుమిషను నూనె చుక్కలు చుక్కలుగా చైనుకే వేశాను. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని కోనసీమలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. తలకు రాసుకునేటప్పుడు తెలిసిన సంగతి సైకిలు దగ్గర ఎవరికీ తట్టలేదు, బోలెడు చదివిన నాకు కూడా. ఇనప సామాను ఇంట్లో ఉన్నవాళ్ళు గుర్తుంచుకోండి, మన నూనె కూరకూ జుట్టుకూ సాటిలేనిది, యంత్రాలకు మాత్రం వద్దు.

ఇంకో మాట. నాకు జరిగింది చూసి, ఆయాసం వస్తే యంత్రానిదే తప్పని ఎవరూ అనుకోకండి. ముందు నేను డాక్టరు దగ్గరికే వెళ్ళాను. చక్రం సంగతి తరవాత.

ఫిబ్రవరిలో ట్రెడ్‌మిల్ పరీక్ష పెట్టారు. పరీక్ష అయ్యేదాకా ఎదురుగా ఉన్న అమ్మాయితో పులిహోర ఎలా కలపాలో చెబుతూనే ఉన్నాను. డాక్టరు గారు కాగితం చూసి, "పొయ్యి వెలిగించుకోండి. బరువులు మాత్రం ఆయన చేత మోయించండి" అన్నారు. నూనె కథ చెబితే కళ్ళద్దాలు తీసి మరీ నవ్వారు. నేను మళ్ళీ దుకాణంలో పొయ్యి వెలిగించిన రోజు లైబ్రేరియన్ గారే మొదటి బేరం. సాంబారు గిన్నె చేతికిస్తే అక్కడే మూత తీసి వాసన చూసి, "ఇప్పుడు సాంబారండి" అన్నారు. మా ఆయన కోపం తెచ్చుకోలేదు.

శుక్రవారం నూనె పని ఇప్పటికీ మా అత్తగారిదే. మిషను నూనె డబ్బా ఆవిడ అధీనంలో ఉంటుంది. ముందు మురమళ్ళ తువ్వాలుతో తుడిచి, ఆ తరవాతే చుక్కలు వేస్తారు. నేను ఎక్కేముందు చక్రాన్ని ఒకసారి చేత్తో తిప్పి వదులుతాను. అది నా అలవాటైపోయింది.

మళ్ళీ ధనుర్మాసం వచ్చింది. నిన్న పొద్దున్న మంచులో తొక్కుతుంటే మా అత్తగారు సీసా ఊపుకుంటూ వచ్చారు.

"మళ్ళీ గడ్డకట్టిందే అమ్మాయ్!"

"గోడ మీద పెట్టండత్తయ్యా, ఎండొస్తుంది."

ఆవిడ సీసా గోడ మీద పెట్టి, పీట లాక్కుని కూర్చున్నారు. "ఇవాళ కూరలేంటమ్మా?"

"గుత్తొంకాయ, చిక్కుడుకాయ కొబ్బరికోరు, కంద బచ్చలి, దొండకాయ వేపుడు, మామిడల్లం పచ్చడి, దోసావకాయ, ముద్దపప్పు, మజ్జిగపులుసు, సాంబారు. కందకి ఆవ మీరే నూరాలి, నిన్న మీ అబ్బాయి నూరితే పలుకులు పలుకులుగా వచ్చింది. వడియాల డబ్బాలో అడుగున ఇంకా ఉన్నాయేమో చూడండి, లేకపోతే సూర్యకాంతం గారిని అడుగుదాం, రెండో చక్రం ఎలాగూ బాకీ ఉన్నారు..."

"ఊపిరి తీసుకోవే తల్లీ!"

"తీసుకుంటన్నాను కదత్తయ్యా" అన్నాను తొక్కుతూనే. "ఇంకా చారు చెప్పలేదు."